పాడి గేదెల మేపు: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది కృష్ణా డెల్టా. మా ఇంట్లో గాడి ఖాళీగా ఉన్న రోజు నాకు గుర్తులేదు. ఇప్పుడు ఏడు గ్రేడెడ్ ముర్రా (నాటు గేదెలకు ముర్రా జాతి కలిపి పెంచిన) గేదెలు, వాటి దూడలు ఉన్నాయి. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు, కొత్తగా డెయిరీ పెట్టుకున్న కుర్రాళ్ళు మేపు గురించి అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. పాలు తగ్గగానే అందరికీ టెన్షన్. వెంటనే దాణా బస్తా మారుస్తారు, లేదంటే షాపులో ఏదో సీసా కొంటారు. చాలాసార్లు తప్పు బస్తాలో ఉండదు. పొట్ట ఎలా పనిచేస్తుందో తెలియక మేపడంలో ఉంటుంది. అందుకే అక్కడి నుంచే మొదలుపెట్టాను. లెక్కలన్నీ ముఖ్యంగా గేదెలకు చెప్పినవి. ఆవుకు తేడా ఉన్నచోట విడిగా రాశాను.

మనుషులకు అరగని గడ్డి గేదెకు ఎలా అరుగుతుంది?

నిజానికి గడ్డిలోని పీచును అరిగించే శక్తి గేదె సొంత జీర్ణరసాలకూ లేదు. ఆ పని దాని పొట్టలో కాపురముండే సూక్ష్మజీవులది. నెమరువేసే పశువు పొట్టలో నాలుగు గదులుంటాయి. మొదటిది పెద్దపొట్ట, డాక్టర్లు రూమెన్ అంటారు. పెద్ద గేదెలో అది నూరు లీటర్ల పైనే పట్టే గంగాళం. మనం వేసిన గడ్డి, దాణా అందులోకి చేరి పులుస్తాయి. దోసెల పిండి పులిసినట్టే అనుకోండి, కాకపోతే ఈ గంగాళం పొయ్యి మీద లేకుండానే ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది.

పీచు పులిసినప్పుడు కొన్ని ఆమ్లాలు పుడతాయి. గేదెకు కావలసిన శక్తిలో ఎక్కువ భాగం వాటి నుంచే వస్తుంది. అందులో ఒకటైన ఎసిటిక్ ఆమ్లం పాలల్లో వెన్నగా మారుతుంది. ఇక ఆ సూక్ష్మజీవులు కూడా మేతతో పాటు కిందికి కొట్టుకుపోయి, నాలుగో గదిలో అరిగి, గేదెకు మాంసకృత్తులుగా పనికొస్తాయి. అంటే మనం వేసే మేత ముందు వాటికి, వాటి వల్ల గేదెకు.

గేదె రోజులో ఏడెనిమిది గంటలు నెమరువేస్తుంది. ఆ నమలడంలో నూరు లీటర్ల దాకా లాలాజలం ఊరుతుంది. ఆ లాలాజలంలో సహజంగా ఉండే సోడా పొట్టలో పులుపు మితిమీరకుండా కాపాడుతుంది. నమలడానికి పీచు లేకపోతే లాలాజలం లేదు, లాలాజలం లేకపోతే పొట్ట పులిసిపోతుంది. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే కింద రాసినవన్నీ తేలిగ్గా అర్థమవుతాయి.

మేత మార్చాలంటే ఎన్ని రోజులు పడుతుంది?

కనీసం పది రోజులు, రెండు వారాలైతే ఇంకా మంచిది. గడ్డిని అరిగించే సూక్ష్మజీవులు వేరు, గింజను అరిగించేవి వేరు. కొత్త మేతకు తగినవి పెరగడానికి సమయం పడుతుంది. కొత్త దాణాను పాతదాంట్లో పావువంతు కలిపి మొదలుపెట్టి, రెండు మూడు రోజులకోసారి పెంచుకుంటూ వెళ్ళండి. సంతలో కొత్త గేదెను కొన్నప్పుడు పాత యజమాని ఏం పెట్టేవాడో అడిగి, వీలైతే వారం పదిరోజులకు సరిపడా అదే మేత తెచ్చుకోండి.

పాలిచ్చే గేదెకు రోజుకు ఎంత మేత కావాలి?

ముందు పొడి పదార్థం అనే లెక్క తెలుసుకోవాలి. మేతలో నీళ్ళు తీసేస్తే మిగిలేదే పొడి పదార్థం. ఎండుగడ్డిలో, దాణాలో అది సుమారు 90 శాతం. పచ్చి మేతగడ్డి అయిన నేపియర్‌లో 20 శాతం దగ్గర ఉంటుంది. అంటే పాతిక కిలోల పచ్చిగడ్డి మోసుకొచ్చినా అందులో అసలు మేత అయిదు కిలోలే, మిగతాదంతా నీళ్ళు.

గేదె తన బరువులో 2.5 నుంచి 3 శాతం దాకా పొడి పదార్థం తింటుంది. ఆవు సాధారణంగా 2 నుంచి 2.5 శాతం, బాగా పాలిచ్చే సంకరజాతి ఆవు 3 శాతం దాటి తింటుంది.

మా కొట్టంలో 500 కిలోల బరువుండి రోజుకు 8 లీటర్లు ఇచ్చే గేదె ఉంది. దాని లెక్క చెబుతాను. ఒంటి పోషణకు దాణా కిలో. పాలకు ప్రతి రెండు లీటర్లకు ఒక కిలో చొప్పున నాలుగు కిలోలు. మొత్తం అయిదు కిలోల దాణా, అంటే నాలుగున్నర కిలోల పొడి పదార్థం. పచ్చిమేత పాతిక కిలోలు వేస్తే అయిదు కిలోలు. ఎండుగడ్డి అయిదు కిలోలు వేస్తే నాలుగున్నర. కలిపితే 14 కిలోలు, ఒంటి బరువులో 2.8 శాతం. సరిగ్గా సరిపోయింది. ఆవు పాలల్లో వెన్న తక్కువ కాబట్టి రెండున్నర లీటర్లకు కిలో దాణా చాలు.

పచ్చిమేతలో అలసంద, లూసర్న్ లాంటి పప్పుజాతి మేత కలిస్తే దాణా కొంత తగ్గించుకోవచ్చు. అలాగే ఈ దాణాను ఒక్కసారే కుమ్మరించకండి. పొద్దున, సాయంత్రం రెండు పూటలుగా, వీలైతే మూడు పూటలుగా పెట్టండి. దాణాకు ముందు నాలుగు పరకల ఎండుగడ్డి వేస్తే ఇంకా మంచిది.

కాటా లేకుండా గేదె బరువు ఎలా తెలుస్తుంది?

టైలర్ టేపు చాలు. ముందు కాళ్ళ వెనక నుంచి ఛాతీ చుట్టుకొలత అంగుళాల్లో తీయండి. భుజం మొన నుంచి తోక పక్కనున్న పిర్ర ఎముక దాకా పొడవు తీయండి. చుట్టుకొలతను చుట్టుకొలతతో హెచ్చించి, దాన్ని పొడవుతో హెచ్చించి, 660తో భాగిస్తే కిలోలు వస్తాయి. చుట్టుకొలత 76, పొడవు 58 అంగుళాలైతే సుమారు 508 కిలోలు. గేదె సమంగా ఉన్న నేల మీద తల నిటారుగా పెట్టి నిలబడాలి. కాస్త అటూ ఇటూ తేడా ఉంటుంది కానీ, మేపు లెక్కకూ నట్టల (కడుపులోని పురుగుల) మందు మోతాదుకూ కళ్ళతో చూసి చెప్పే బరువు కంటే ఇది ఎంతో నయం.

మా దగ్గర వరిగడ్డి తప్ప ఏమీ లేదు. దానితో నెట్టుకురావచ్చా?

బతికించవచ్చు, పాలు తీయలేం. వరిగడ్డిలో మాంసకృత్తులు మూడు నాలుగు శాతమే, అదీ ఒంటికి పట్టేది దాదాపు శూన్యం. ఇసుకలాంటి సిలికా ఎక్కువ. ఆగ్జలేట్లు అనే పదార్థాలు మేతలోని కాల్షియాన్ని పట్టేసుకుంటాయి. కోస్తా జిల్లాల్లో వరిగడ్డి మీద ఆధారపడిన గేదెలు ఎదకు సరిగా రాకపోవడానికి ఇదీ ఒక కారణం. జొన్నచొప్ప, రాయలసీమలో దొరికే వేరుశనగ కట్టె వరిగడ్డి కంటే మెరుగు. అందులోనూ వేరుశనగ కట్టె పప్పుజాతిది కాబట్టి మంచి బలం.

అయినా మన దగ్గర ఉన్నది వరిగడ్డే. కోత మిషన్లు వచ్చాక వాములు తగ్గిపోయాయి, చాలాచోట్ల గడ్డిని పొలంలోనే తగలబెట్టేస్తున్నారు. అది చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. మిషన్‌తో కట్టలు కట్టించి దాచుకుంటే వేసవంతా గడుస్తుంది.

ఆ గడ్డినే యూరియాతో మాగబెడితే మేలు చేస్తుంది. వంద కిలోల ఎండుగడ్డికి నాలుగు కిలోల యూరియా, 50 నుంచి 60 లీటర్ల నీళ్ళు. యూరియా పూర్తిగా కరిగాక, గడ్డిని పొరలు పొరలుగా పరిచి, ప్రతి పొర మీదా ఆ నీళ్ళు సమంగా చల్లి, కాళ్ళతో బాగా తొక్కాలి. పైన టార్పాలిన్ కప్పి, అంచుల్లో మట్టి వేసి గాలి చొరకుండా మూసేయాలి. 21 రోజులకు తీస్తే గడ్డి పసుపు-గోధుమ రంగుకు తిరిగి మెత్తబడుతుంది. ఘాటైన అమ్మోనియా వాసన వస్తుంది. ఆ రోజుకు కావలసినంత తీసి, గంటసేపు ఆరబెట్టి వేయండి. మొదట్లో పశువు మూతి తిప్పుకుంటుంది. మామూలు గడ్డిలో కలిపి అలవాటు చేయాలి. మాంసకృత్తుల శాతం రెట్టింపు అవుతుంది, గడ్డి ఎక్కువ తింటుంది కూడా.

యూరియా విషం కదా, భయం లేదా?

విషమే, అందుకే కొలత తప్పకూడదు. పెద్దపొట్టలోని సూక్ష్మజీవులు యూరియాలోని నత్రజనితో మాంసకృత్తులు తయారుచేసుకుంటాయి. ఒక్కసారిగా ఎక్కువ లోపలికి వెళ్తే మాత్రం అమ్మోనియా రక్తంలోకి ఎక్కి, వణుకు, నురగ, కడుపుబ్బరంతో గంటల్లోనే ప్రాణం పోతుంది. ఆరు నెలల లోపు దూడలకు యూరియా గడ్డి వేయకూడదు. యూరియా కలిపిన నీళ్ళ బకెట్, ఖాళీ సంచి పశువుకు అందేచోట ఉంచకండి. పొలానికి తెచ్చిన యూరియాను నాకి చనిపోయిన గేదెను నేను చూశాను. దాణాలో యూరియాను సొంతంగా కలపవద్దు.

దాణా ఇంట్లో కలుపుకుంటే చవక పడుతుందా?

సొంతంగా మొక్కజొన్న, జొన్న, నూకలు, తవుడు ఉన్నవాళ్ళకు పడుతుంది. అన్నీ కొనుక్కునేవాళ్ళకు పెద్ద తేడా ఉండకపోవచ్చు, కానీ అందులో ఏముందో మీకు తెలుస్తుంది. దాణాలో మూడు రకాలు ఉండాలి. శక్తికి గింజ, మాంసకృత్తులకు చెక్క (గింజల నుంచి నూనె తీశాక మిగిలే పిప్పి), మధ్యలో తవుడు, పొట్టు.

వంద కిలోలకు నేను వాడే కలయిక ఇది. మొక్కజొన్న నూక 35 కిలోలు, వేరుశనగ చెక్క 15, పత్తి చెక్క 15, తవుడు 20, కంది లేదా శనగ పొట్టు 12, ఖనిజ లవణ మిశ్రమం 2, ఉప్పు 1. చెక్కల నాణ్యతను బట్టి 16 నుంచి 18 శాతం దాకా మాంసకృత్తులు వస్తాయి. మొక్కజొన్న ధర మండిపోతే అందులో సగం జొన్నో నూకలో వేస్తాను. వేరుశనగ చెక్క దొరకనప్పుడు నువ్వుల చెక్క. పత్తి చెక్కను చిన్న దూడలకు పెట్టే దాణాలో మాత్రం కలపను. అందులోని గాసిపాల్ అనే విషపదార్థాన్ని పెద్ద పశువు పొట్ట తట్టుకుంటుంది, దూడ పొట్ట తట్టుకోలేదు.

గింజ పిండిలా మెత్తగా ఆడించకండి, నూకగా ఉండాలి. దాణా ఉడకబెట్టడం అవసరం లేదు. ఉలవలు ఉడికించి ఎడ్లకు పెట్టడం మన పెద్దల అలవాటే, గట్టి గింజ కాబట్టి. పాడి గేదె దాణా మొత్తాన్ని పొయ్యి ఎక్కించడం మాత్రం కట్టెలు దండగ. కాస్త నీళ్ళు చల్లి తడిపితే పొడి ముక్కులోకి వెళ్ళదు, అంతే చాలు.

చెక్క చౌకగా దొరికిందని దాణా మొత్తం చెక్కతోనే నింపేవాళ్ళున్నారు. ఎక్కువైన మాంసకృత్తులు మూత్రంలో పోతాయి. చాలా ఖరీదైన మూత్రం అది.

కొనే దాణా బస్తా మీద ఏం చదవాలి?

ముడి మాంసకృత్తులు, కొవ్వు, పీచు, ఇసుక శాతం ఈ నాలుగూ చదవండి. బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) ప్రమాణం ప్రకారం మొదటి రకం పశుదాణాలో ముడి మాంసకృత్తులు కనీసం 22 శాతం, రెండో రకంలో 20 శాతం ఉండాలి. తయారైన తేదీ చూడండి. ధర పోల్చేటప్పుడు బస్తా రేటు కాదు, కిలో మాంసకృత్తి రేటు పోల్చండి. ఉదాహరణకు 50 కిలోల బస్తాలో 20 శాతం ఉంటే 10 కిలోల మాంసకృత్తులు. బస్తా 1,300 అయితే కిలో 130 పడింది. 16 శాతం ఉన్న బస్తా 1,150కే ఇస్తున్నారనుకోండి, అందులో ఉన్నది 8 కిలోలే, కిలో దాదాపు 144 పడింది. చవకనుకున్నదే ఖరీదు. అయితే మాంసకృత్తుల అంకె ఒక్కటే చూసి మోసపోకండి. యూరియా కలిపినా ఆ అంకె పెరుగుతుంది. ఇసుక ఎక్కువున్న దాణాను గ్లాసు నీళ్ళలో కలిపి కాసేపు వదిలితే అడుగున పేరుకుంటుంది.

చెక్కకు కొంచెం బూజు పట్టింది. ఎండబెట్టి పెట్టొచ్చా?

వద్దండి. బూజు కనిపించకుండా పోతుంది కానీ అది వదిలిన విషం పోదు. వేరుశనగ, పత్తి చెక్క, మొక్కజొన్న తేమలో ఉంటే పట్టే ఒక రకం బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. ఈ విషం బయటపడింది కూడా పశువుల మేత వల్లే. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చనిపోతే, బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ పిండిలో దీని జాడ దొరికింది. గేదె కాలేయాన్ని దెబ్బతీస్తుంది, పాలల్లోకీ దిగుతుంది. ఆ పాలు తాగేది మన పిల్లలే. దాణా బస్తాలను నేల మీద కాకుండా కర్ర పలకల మీద, గోడకు అడుగు దూరంలో పేర్చండి. వానాకాలంలో నెలకు మించి నిల్వ పెట్టకండి.

ఏ పచ్చిమేత వేసుకోవాలి?

ఏడాది పొడవునా కోతకు రావాలంటే హైబ్రిడ్ నేపియర్. సీఓ-4, సీఓ-5, ఏపీబీఎన్-1, సూపర్ నేపియర్ ఇలా పేర్లు చాలా ఉన్నాయి. కణుపు ముక్కలు నాటితే రెండు రెండున్నర నెలలకు మొదటి కోత, తర్వాత నలభై అయిదు రోజులకోసారి. రకం కంటే కోసే వయసు ముఖ్యం. ఎనిమిది అడుగులు పెరిగేదాకా ఆగి కోస్తే కాడంతా కర్రే. ప్రకటనల్లో చెప్పే పెద్ద పెద్ద మాంసకృత్తుల శాతాలు ముదిరిన గడ్డిలో రావు.

నేపియర్ ఒక్కటే సరిపోదు. దానికి తోడు పప్పుజాతి మేత ఉండాలి, మూడు వంతుల గడ్డికి ఒక వంతైనా. నీళ్ళుంటే లూసర్న్, అలసంద. గట్ల మీద అవిశె, దశరథ గడ్డి, సుబాబుల్. సుబాబుల్‌లో మైమోసిన్ అనే విషపదార్థం ఉంటుంది కాబట్టి మొత్తం మేతలో మూడో వంతు దాటకూడదు. మా వైపు వరి కోసే ముందు నిలబడిన చేలో జనుము, పిల్లిపెసర చల్లడం తాతల నాటి పద్ధతి. వరి కోశాక ఆ తేమతోనే పెరిగి గేదెల కడుపు నింపుతుంది, నేలకు బలమిస్తుంది. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత మేలు చేసే మేత ఇంకోటి నాకు తెలియదు. ఈ అలవాటు తగ్గిపోతోంది, మళ్ళీ మొదలుపెట్టండి.

పచ్చిమేతను చాఫ్ కట్టర్‌తో అంగుళం ముక్కలుగా కొట్టి వేస్తే గాడి కింద తొక్కి పాడుచేసేది బాగా తగ్గుతుంది.

లేత జొన్న మేస్తే పశువులు చనిపోతాయంటారు, నిజమేనా?

నిజం. దాన్నే నాము అంటాం. లేత జొన్నలో, వానలేక వాడిన జొన్నలో, కోశాక మోడు నుంచి వచ్చే పిలకల్లో సైనైడ్ విషం ఉంటుంది. పశువు నిమిషాల్లో ఊపిరి ఆడక పడిపోతుంది. పూత దశకు వచ్చిన జొన్ననే కోయండి. బెట్టకొచ్చిన చేనుకు నీళ్ళు పెట్టి, కొన్ని రోజులాగి మేపండి. కోసిన జొన్న చేలోకి పశువులను వదలకండి. బాగా ఎండిన చొప్పలో, సరిగా మాగిన సైలేజిలో (పాతర వేసిన పచ్చిమేతలో) ఈ విషం చాలా తగ్గిపోతుంది. నాము పట్టిందని అనుమానం వస్తే ఒక్క నిమిషం కూడా వృథా చేయకుండా డాక్టర్‌ను పిలవండి. విరుగుడు ఇంజెక్షన్ ఉంది.

రెండు గేదెలున్నవాళ్ళకు సైలేజి అవసరమా?

వేసవిలో పచ్చిమేత లేనివాళ్ళందరికీ అవసరమే. సైలేజిని పాతర గడ్డి అని కూడా అంటారు. ఊరగాయ పెట్టినట్టే పచ్చిమేతను గాలి తగలకుండా మాగబెట్టడం. దీనికి మొక్కజొన్న అన్నిటికంటే మంచిది. గింజ పాలుపోసుకుని గట్టిపడుతున్నప్పుడు మొక్క మొత్తం కోసి, రెండు సెంటీమీటర్ల ముక్కలు చేసి, తొక్కి తొక్కి గాలి లేకుండా నింపాలి. గుప్పెడు ముక్కలు గట్టిగా పిడికిలి పట్టి వదలండి. నీళ్ళు కారితే పచ్చి ఎక్కువుంది, ఒకపూట వాడనివ్వాలి. ఉండ టక్కున విడిపోతే ఎండిపోయింది. మెల్లగా విచ్చుకుంటే సరిగ్గా ఉంది.

45 రోజులకు వాడుకోవచ్చు. ఒక ఘనమీటరు గుంతలో సుమారు 500 నుంచి 600 కిలోలు పడుతుంది. రెండు గేదెలకు రోజుకు 15 కిలోల చొప్పున నాలుగు నెలలకు 3,600 కిలోలు కావాలి, అంటే ఆరేడు ఘనమీటర్లు. గుంత తవ్వలేనివాళ్ళు గాలి చొరని పెద్ద ప్లాస్టిక్ సంచుల్లో నింపుకోవచ్చు. మంచి సైలేజి పుల్లటి పండు వాసన వస్తుంది. కుళ్ళిన వాసన వచ్చినా బూజు కనిపించినా ఆ భాగం తీసి పారేయండి.

అజొల్లా పెడితే దాణా మానేయవచ్చా?

మానేయలేం. అజొల్లా నీళ్ళ మీద తేలుతూ పెరిగే చిన్న మొక్క, అందులో 90 శాతానికి పైన నీళ్ళే. రెండు కిలోల అజొల్లా ఎండబెడితే నూరు, నూటయాభై గ్రాములు మిగులుతుంది. ఆ మిగిలినదాంట్లో మాంసకృత్తులు బాగానే ఉంటాయి, కానీ నాలుగైదు కిలోల దాణా స్థానం అది తీసుకోలేదు. పెరటి కోళ్ళకు, దూడలకు చక్కటి తోడు.

పెళ్ళిలో అన్నం చాలా మిగిలింది. పారేయడం ఎందుకని గేదెకు పెడితే?

దయచేసి పెట్టకండి. మా ఇంట్లోనే జరిగింది. గృహప్రవేశం రోజు మిగిలిన అన్నం, పులిహోర కుడితి తొట్టిలో వేశాం. ఒక గేదె తొట్టి మొత్తం తాగేసింది. రాత్రికి మేత ముట్టలేదు, పొట్ట రాయిలా బిగిసింది, తెల్లారేసరికి పుల్లటి కంపుతో నీళ్ళలా పారుడు. డాక్టర్ వచ్చి సెలైన్లు పెడితే బతికింది కానీ ఆ ఈతలో మళ్ళీ పాలు పూర్తిగా రాలేదు.

అన్నం, గింజ, పిండి పొట్టలో చాలా వేగంగా పులుస్తాయి. పులుపు పెరిగిపోయి పీచును అరిగించే సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. దీన్ని ఎసిడోసిస్ అంటారు. ధాన్యం రాశి మీద పడి తిన్న పశువుకూ ఇదే గతి. తిన్నట్టు తెలియగానే, లక్షణాల కోసం ఎదురుచూడకుండా డాక్టర్‌కు ఫోన్ చేయండి. తినే సోడా ఎంత తాగించాలో ఆయన చెబుతారు. రోజూ వేసే కుడితిలో గుప్పెడు అన్నం ఉంటే భయం లేదు. కాకపోతే నిన్నటి కుడితి మీద ఇవాళ్టిది పోయకుండా తొట్టి రోజూ కడగండి.

పాలు బాగానే ఉన్నాయి, వెన్న శాతం పడిపోయింది. ఎందుకు?

ఎక్కువసార్లు జవాబు గడ్డిలోనే ఉంటుంది. మొదటి ప్రశ్నలో చెప్పాను, వెన్నకు కావలసిన ముడిసరుకు పీచు నుంచి వస్తుంది. దాణా పెంచి ఎండుగడ్డి తగ్గించినా, మరీ లేత పచ్చిమేత మాత్రమే వేసినా వెన్న పడిపోతుంది. నూనె తాగించినా అంతే, నూనె పీచుకు పూతలా పట్టి సూక్ష్మజీవులను పనిచేయనివ్వదు. మేతలో సగమైనా గడ్డి ఉండాలి, రోజుకు నాలుగైదు కిలోల ఎండుగడ్డి తప్పకుండా కడుపులో పడాలి. కొట్టంలో తీరిగ్గా పడుకున్న గేదెలను చూడండి. సగానికి పైగా నెమరువేస్తుంటే మేపు సరిగ్గానే ఉంది.

ఇంకో సంగతి. చివరి ధారల్లో వెన్న ఎక్కువ. పూర్తిగా పితకకపోతే శాతం తగ్గుతుంది. ఈనిన మొదటి రెండు మూడు నెలల్లో పాలు ఎక్కువ, వెన్న తక్కువ ఉండటం సహజం, దానికి కంగారు పడకండి.

ఖనిజ లవణ మిశ్రమం నిజంగా పనిచేస్తుందా?

చేస్తుంది, రోజూ పెడితే. పాలిచ్చే గేదెకు రోజుకు 50 గ్రాములు, ఉప్పు 30 గ్రాములు. గుడ్డలు, ప్లాస్టిక్, ఎముకలు నమలడం, గోడలు నాకడం, ఎదకు రాకపోవడం, పదేపదే పొర్లడం (చూలు నిలవక మళ్ళీ మళ్ళీ ఎదకు రావడం) చాలాసార్లు లవణ లోపాన్ని చెబుతాయి. నట్టలు కూడా కారణం కావచ్చు, పేడ పరీక్ష చేయించండి.

చూడి గేదెను ఎలా మేపాలి?

ఒట్టిపోయిందని గేదెను మరిచిపోవడం మన దగ్గర జరిగే అతిపెద్ద నష్టం. కడుపులో దూడ ఎక్కువగా పెరిగేది చివరి మూడు నెలల్లోనే. ఏడో నెల దాటాక మామూలు దాణా మీద కిలో, కిలోన్నర అదనంగా ఇవ్వండి. ఈనడానికి రెండు నెలల ముందు పాలు తీయడం ఆపేయండి. చివరి మూడు వారాల్లో, ఈనాక పెట్టబోయే దాణానే కొద్దికొద్దిగా అలవాటు చేయండి.

ఈనే ముందు వారాల్లో కాల్షియం సీసాలు తాగించవద్దు. అప్పుడు బయటి నుంచి ఎక్కువ కాల్షియం అందితే ఎముకల్లోంచి తీసుకునే పని ఒంటికి అలవాటు తప్పుతుంది. ఈనగానే పాలకు ఒక్కసారిగా కాల్షియం కావలసి వచ్చేసరికి అందక గేదె కూలబడుతుంది. అదే పాలజ్వరం. పేరుకే జ్వరం, ఒళ్ళు చల్లబడుతుంది, తల డొక్క వైపు తిప్పి పెట్టుకుంటుంది. ఈనిన రెండు మూడు రోజుల్లో ఇలా కనిపిస్తే నోట్లో ఏదీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. డాక్టర్ నరానికి కాల్షియం ఎక్కిస్తే చాలా గేదెలు కొద్ది గంటల్లోనే లేచి నిలబడతాయి.

ఈనాక ఆరు నుంచి ఎనిమిది వారాలకు పాలు గరిష్ఠానికి చేరతాయి, ఆకలి ఇంకో నెల ఆలస్యంగా పెరుగుతుంది. ఆ మధ్యలో గేదె తన ఒంటి కొవ్వు కరిగించి పాలిస్తుంది. అందుకే చూడి మీద ఒళ్ళు కాస్త పట్టి ఉండాలి, అలాగని కొవ్వెక్కకూడదు.

దూడకు ఎన్ని పాలు వదలాలి?

ఈ ప్రశ్న అడిగినవాళ్ళను చూస్తే నాకు సంతోషం. చాలామంది అసలు అడగరు.

తల్లి రక్తంలోని రోగనిరోధక శక్తి గేదెల్లో కడుపులో ఉండగా దూడకు అందదు. జున్నుపాల ద్వారానే అందాలి. ఆ శక్తిని దూడ పేగులు పీల్చుకోగలిగేది మొదటి కొన్ని గంటల్లో, 24 గంటల తర్వాత దాదాపు మూసుకుపోతాయి. మా నాయనమ్మ కాలంలో మావి పడేదాకా పాలు తాగించేవాళ్ళు కాదు. ఇప్పటికీ చాలా ఊళ్ళలో అదే నమ్మకం. ఆ ఆలస్యంతో మా కొట్టంలో పోయిన దూడలను తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. దూడ పుట్టిన గంటలోపే తాగించండి. మొదటి రోజంతా కలిపి దూడ బరువులో పదో వంతు, అంటే ముప్పై కిలోల దూడకు మూడు లీటర్లు. నిజానికి దూడ చన్ను పట్టగానే తల్లి ఒంట్లో వచ్చే మార్పు మావి పడటానికీ సాయపడుతుంది. ఇంటికి జున్ను కావాలి, నిజమే. దూడ తాగాక మిగిలిందే జున్ను.

తర్వాత రెండు నెలల దాకా బరువులో పదో వంతు పాలు రోజూ అందాలి. గేదె దూడలకు పది పదిహేను రోజుల వయసులోనే నట్టల మందు పట్టాలి, తల్లిపాల ద్వారా కూడా ఏలికపాములు సోకుతాయి. రెండో వారం నుంచి గుప్పెడు దూడ దాణా, లేత గడ్డి అందుబాటులో ఉంచండి. దూడ పుట్టినప్పుడు పెద్దపొట్ట పనిచేయదు, దాణా రుచి చూస్తూ ఉంటేనే అది పెరుగుతుంది.

మగ దూడను ఎండగట్టి చంపేసేవాళ్ళు ఉన్నారు. పాపం సంగతి అలా ఉంచండి, దూడ పోయాక గేదె చేపదు, అంటే పాలు దించదు. అప్పుడు ప్రతిపూటా ఇంజెక్షన్ పొడుస్తారు. పెయ్య దూడను సరిగా మేపితే పడ్డ త్వరగా చూలు కడుతుంది. ముర్రా పడ్డ ఎదకు రావడం వయసు మీద కాదు, బరువు మీద ఆధారపడుతుంది. దాదాపు 325 నుంచి 350 కిలోలు రావాలి.

నీళ్ళు ఎన్ని కావాలి?

ఒంటికి 30 నుంచి 40 లీటర్లు, ఆ పైన ప్రతి లీటరు పాలకు మూడు నాలుగు లీటర్లు. ఎండాకాలం ఇంకా ఎక్కువ. రోజుకు రెండుసార్లు చెరువుకు తోలడం కంటే తొట్టిలో ఎప్పుడూ నీళ్ళుండటం మేలు. వేసవిలో మేతలో ఎక్కువ భాగం తెల్లవారుజామున, రాత్రి చల్లబడ్డాక వేయండి.

గొర్రెలు, మేకలకూ ఇవే లెక్కలా?

పొట్ట ఒకటే, అలవాట్లు వేరు. గొర్రె నేల మీది గడ్డి మేస్తుంది, మేక ఆకు కోరుతుంది. సుబాబుల్, అవిశె, తుమ్మ కాయలు మేకకు ఇష్టం. తొలకరి వానలకు మొలిచిన లేత గడ్డి మీదికి మందను ఒక్కసారిగా వదిలితే చిటుకు రోగం వస్తుంది, బాగా మేసే పిల్లలే ముందు పోతాయి. వానలకు ముందే టీకా వేయించండి, పొద్దున్నే ఎండుమేత కాస్త తినిపించి తోలండి.

గేదె మేత మానేసింది. ముందు ఏం చేయాలి?

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం సేవ అందుతుంది. ఫోన్ చేసే ముందు కొన్ని విషయాలు చూసి పెట్టుకోండి. ఎప్పటి నుంచి మేత మానేసింది, నెమరువేస్తోందా, పేడ గట్టిగా ఉందా పలచగా ఉందా, ఎడమ డొక్క ఉబ్బి ఉందా, రెండు రోజుల్లో కొత్తగా ఏం తిన్నది, ఎప్పుడు ఈనింది. డాక్టర్ వచ్చేదాకా దాణా ఆపి, మంచి ఎండుగడ్డి, చల్లటి నీళ్ళు ముందు ఉంచండి. ఎవరో చెప్పారని నూనె, మజ్జిగ, మందులు గొట్టంతో పోయకండి.